ప్రమాదము జరిగిన గడియలోనే తీర్పులా?



ఎక్కడనైనను ప్రయాణికుల విమానము కూలినదని వార్త వెలువడిన గడియలోనే మన దేశమున మూడు పనులు నడచుచున్నవి. విమానము నడపినవాడు మహావీరుడని కొందరు కీర్తింతురు. వాడే యింతమంది ప్రాణములను బలిగొన్నాడని మరికొందరు దూషింతురు. మృతులు ఏ మతమువారు, ఏ భాషవారు, ఏ జిల్లావారు అని యింకను కొందరు లెక్కలు తీయుదురు. అసలు ఏమి జరిగినదో తెలిసికొనుట యను నాలుగవ పనికి మాత్రము ఎవ్వరికిని తీరిక లేదు. ఈ దురాచారము బళ్లారి, కోలారు, హొసూరు, బరంపురము, షోలాపురము, యానాములలోని మన తెలుగు యిండ్లలోనికి కూడ చొరబడినది. చేతి ఫోనులో వచ్చిన కబురు నిజమో కల్లయో చూడక, బంధువులలో పదిమందికి పంపిన పిదపనే మనవారు కాఫీ త్రాగుచున్నారు. కనుకనే కొంత నిష్ఠురముగా ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

వ్యాపారస్థులమైన మాకు ఒక నియమము కలదు. ఏనాటి లావాదేవీలు ఆనాడు ముందు చిట్టాలో పడవలెను. అటుపిమ్మటనే అవి ఆవర్జాలోనికి ఎక్కవలెను. చిట్టా లేకుండ ఆవర్జా వ్రాయు గుమాస్తాను ఏ కొట్టు యజమానియు ఒక్కదినమైనను ఉంచుకొనడు. పది రూపాయల పద్దునకే యింత జాగ్రత్త వహించు మనము, పదుల కొలది ప్రాణములు పోయిన విషయమున చిట్టాయే తెరువక ఆవర్జా ముగించి, క్రింద గీత గీచి, మొత్తము వేయుచున్నాము. ఇది న్యాయమా?

మాట గాలిలో తేలిపోకుండుటకై ఒక్క ఉదాహరణము తీసికొందము. 2020వ సంవత్సరము ఆగస్టు 7వ తేది రాత్రి, దుబాయినుండి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ వారి బోయింగ్ 737 విమానము కేరళలోని కోజికోడు విమానాశ్రయమున, అనగా మలప్పురము జిల్లా కరిపూరులో, వానలో దిగుచు ప్రమాదమున పడినది. కరోనా మహమ్మారివలన గల్ఫు దేశములలో చిక్కుకొనిన మనవారిని స్వదేశమునకు చేర్చుటకై ప్రభుత్వము నడిపిన వందేభారత్ విమానములలో అది యొకటి. అందు 184 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది, మొత్తము 190 మంది యుండిరి. విమాన చోదకులిద్దరితో కూడ 21 మంది మరణించిరి. ఉద్యోగము పోయినవారు, పసిబిడ్డలను వెంటబెట్టుకొనిన తల్లులు, నెలల తరబడి యింటిముఖము చూడనివారు అందులో నుండిరి. కరీంనగరమునుండియు, కడపనుండియు, గోదావరి జిల్లాలనుండియు గల్ఫునకు పోయిన బిడ్డలు మన బంధువర్గములో ఎందరో కలరు. ఆ విమానము ఎవరిదో కాదు, మనవారెవరైనను ఎక్కదగినదే.

ఆ రాత్రి తెల్లవారకమునుపే బయలుదేరిన కబుర్లను ఒకసారి జ్ఞాపకము చేసికొనుడు. చక్రములు తెరుచుకొనలేదట, ఇంధనము హరించిపోవుటకై చోదకుడు విమానాశ్రయము చుట్టు మూడుమారులు తిరిగెనట, మంటలు పుట్టకుండ యింజను ఆపివేసి, తన ప్రాణమిచ్చి ప్రయాణికులను రక్షించెనట. కన్నులు చెమర్చునట్లుగా వ్రాసిన ఈ కథ దేశమంతట తిరిగినది. తెలుగులోనికి కూడ దిగినది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, శిథిలములు తొలగింపకమునుపే కారణము తేలిపోయినది!

మరి జరిగినదేమి? విమాన ప్రమాదముల విచారణ సంస్థవారు 2021 సెప్టెంబరులో ప్రకటించిన నివేదికను చూడుడు. మొదటిమారు దిగబోవుచుండగా చోదకుని యెదుటి అద్దముపై వాననీటిని తుడుచు సాధనము పనిచేయుట మానినది. విమానము తిరిగి పైకి లేచినది. రెండవమారు రన్‌వే యొక్క రెండవ కొననుండి దిగిరి. అప్పుడు గాలి వెనుకనుండి 14 నాట్ల వేగముతో, అనగా గంటకు సుమారు 26 కిలోమీటర్ల వేగముతో, విమానమును ముందునకు త్రోయుచుండినది. 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగులు దాటిన పిదపగాని చక్రములు నేలను తాకలేదు. అనగా సగము దారి వ్యర్థమైపోయినది. అప్పటికి నేలమీది వేగము 165 నాట్లు, గంటకు మున్నూరు కిలోమీటర్లకు పైమాట. తడిసిన దారిమీద మిగిలిన సగములో విమానము నిలువలేదు. కొనదాటి, కంచె తెంచుకొని, రన్‌వేకు 110 అడుగుల దిగువనున్న రోడ్డుమీద పడి మూడు ముక్కలైనది. రెక్కలలోని టాంకులనుండి ఇంధనము కారినది; దైవానుగ్రహమున మంట పుట్టలేదు. ఇంధనము హరింపజేసిరన్న కథకు ఇంతకుమించిన ప్రత్యుత్తరమేమి కావలెను? వేరొక విమానాశ్రయమునకు పోవుటకు చాలినంత ఇంధనము విమానమున నున్నదనియు నివేదికయే చెప్పుచున్నది.

“పోయినవానిని పొగడిన తప్పేమి?” అని అడుగువారు కలరు. తప్పు కలదు. చక్రములు తెరుచుకొనలేదని నమ్మినవాడు, వెనుకగాలిని గురించి అడుగడు. ఇంధనము హరించినదని నమ్మినవాడు, వేరొక ఊరికి ఏల పోలేదని అడుగడు. అద్దము తుడుచు సాధనము ఎందుకు చెడినదని అడుగడు. అబద్ధపు పొగడ్త పూలదండవలె కనబడును గాని, దానిక్రింద నిజము ఊపిరాడక చచ్చును. మరుసటి విమానమున ప్రయాణము చేయువానికి ఆ నిజమే కావలెను.

దూషించినవారు ఇంతకంటె మేలని అనుకొనవలదు. నివేదిక వచ్చిన పిదప, “మేము ముందే చెప్పితిమి, తప్పు చోదకునిదే” అని వారు చేతులు దులుపుకొనిరి. వారు నివేదికలో మొదటి వాక్యము చదివిరేగాని రెండవది చదువలేదు. నియమమును పాటింపక, స్థిరములేని దిగుబాటును కొనసాగించి, సహచోదకుడు తిరిగి లేవవలెనని హెచ్చరించినను దిగుట ప్రధాన కారణమని నివేదిక చెప్పినమాట సత్యమే. సహచోదకుడు తానే పగ్గములు చేపట్టకపోవుటయు తప్పేయని చెప్పినది. కాని వ్యవస్థలోని లోపములను కారణములలో చేర్చక విడువరాదనియు అదే నివేదిక చెప్పినది. కోజికోడు స్థావరమున తగినంతమంది కెప్టెనులు లేరు. ఆ కెప్టెనే మరునాటి ఉదయము అక్కడినుండి మరియొక విమానము నడపవలసియుండెను. ఏలాగైనను కోజికోడులోనే దిగవలెనన్న పట్టుదల ఆయనకు కలుగుటకు ఇది కారణమైనదని విచారణాధికారులు గుర్తించిరి. కొట్టులో ఒక్కనికే తాళములన్నియు అప్పగించి, పొరపాటు జరిగిన దినమున వానినొక్కనినే నిందించు యజమానిని మనము ఏమందుము? చనిపోయినవానిమీద మొత్తము పద్దు వ్రాసివేయుట అందరికిని సులభము. వాడు లేచివచ్చి లెక్క అడుగడు గదా!

ఇక మూడవ పని, అన్నిటికంటె నీచమైన పని. మృతుల మతమును, ఊరిని ఎత్తి మాటలాడినవారిని గురించి చెప్పవలసియున్నది. ఆ ప్రమాదమునకు రెండు నెలల మునుపే మలప్పురము జిల్లాపేరు దేశమంతట దూషింపబడినది. గర్భముతోనున్న ఏనుగొకటి పేలుడు పదార్థమువలన గాయపడి మరణించినది. ఆ దుర్మార్గము జరిగినది పాలక్కాడు జిల్లాలో. నింద పడినది మలప్పురముమీద. ఆ మలప్పురము ప్రజలే ఆగస్టు 7వ తేది రాత్రి ఏమి చేసిరి? కరోనా భయమున మనుష్యుని మనుష్యుడు తాకుటకు జంకిన దినములవి. కుండపోత వాన, చీకటి, ఏ క్షణమున మంట లేచునో తెలియని విమానము. ఆ స్థితిలో కొండోట్టి, కరిపూరు పరిసరముల సామాన్యులు పరుగెత్తివచ్చి, గాయపడినవారిని చేతులమీద మోసి, తమ సొంత కారులలో ఆసుపత్రులకు చేర్చిరి. రాత్రికి రాత్రియే రక్తమిచ్చుటకు ఆసుపత్రులయొద్ద వరుసలు కట్టిరి. తరువాత ఏకాంతవాసమును సహించిరి. గాయపడినవానిని ఎత్తుచు “నీది ఏ కులము, ఏ భాష?” అని వారిలో ఎవ్వరును అడుగలేదు. దూరమున దీపముక్రింద సుఖముగా కూర్చుండి ఆ లెక్క తీసినవారు సిగ్గుపడవలెను.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఊరిలో ఏ అలజడి పుట్టినను “వారు బయటివారు” అన్న మాట ఎంత వేగముగా పుట్టునో మన తాతలకు తెలియును, మనకును తెలియును. వదంతికి మొదటి బలి ఎప్పుడును అల్పసంఖ్యాకుడే. అట్టి మనమే వేరొకరి ఊరిమీద వదంతిని మోసికొనిపోవుట కన్నతల్లి కంటిలో కారము చల్లుటవంటిది.

అదే వారమున జరిగిన మరియొక ఘోరమును ఇచ్చట చెప్పక తీరదు. విమానము కూలుటకు ముందటి రాత్రి, అనగా ఆగస్టు 6వ తేది రాత్రి, అదే కేరళలో ఇడుక్కి జిల్లా పెట్టిముడియందు కొండచరియ విరిగి, తేయాకు తోట కూలీల యిండ్లవరుసలను పూడ్చివేసినది. డెబ్బదిమంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో అత్యధికులు తమిళ శ్రామికులు. మనవలెనే తరతరములక్రితము వచ్చి పరభాషా రాష్ట్రమున స్థిరపడినవారు. కరెంటును, ఫోనును లేక ఆ వార్త బయటి లోకమునకు చేరుటకే తెల్లవారినది. ఆ సాయంకాలమే విమానము కూలినది. దేశము చూపంతయు అటు తిరిగినది. విమాన మృతుల కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వము పది లక్షల రూపాయలు ప్రకటించినది; పెట్టిముడి మృతుల కుటుంబములకు అయిదు లక్షలు ప్రకటించినది. ఒకే వాన, ఒకే రాష్ట్రము, ఒకే వారము. ప్రాణముల తూకమునకు రెండు తక్కెడలు! విమానమును గురించి గడియకొక కబురు పంపినవారిలో ఎందరు ఈ తేడాను గురించి ఒక్క కార్డుముక్క వ్రాసిరి? అల్పసంఖ్యాక భాషా కుటుంబములకు పెట్టిముడి మరువదగిన పేరు కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. అది తీసివేయదగినది కాదు. “విచారణ ముగియుటకు ఏడాది పట్టును. అంతవరకు ప్రజలు నోరు మూసికొనవలెనా? 2020లో ఆ విమానసంస్థ ప్రభుత్వముదే, విమానాశ్రయము ప్రభుత్వముదే, విచారించు సంస్థయు ప్రభుత్వముదే. ప్రజలు అలజడి చేయకున్నచో నిజము బయటపడునా?” అని బుద్ధిమంతులే అడుగుదురు. సమాధానమిది. అడుగుట వేరు, తీర్పు చెప్పుట వేరు. ప్రశ్నించు హక్కు మొదటి గడియనుండియు కలదు. తీర్పు చెప్పు హక్కు మాత్రము సాక్ష్యము చూచినవానికే కలదు. మరియు అలజడి చేసినవారిని నేను ఒక్కటి అడుగుచున్నాను. ప్రమాదము జరిగిన పదమూడు నెలలకు నివేదిక వెలువడినది గదా. ఆ దినమున మీ నోళ్లు ఎక్కడికి పోయినవి? నలువదికిపైగా సిఫారసులు అందులో నున్నవి. వానిలో ఒక్కటియైనను చదివి, అమలు జరిగినదా యని మీ పార్లమెంటు సభ్యుని అడిగితిరా? మొదటి రాత్రి నిద్ర మానుకొని మాటలాడినవారికి, నిజము వచ్చిన దినమున ఒక్క గడియ దొరకలేదు. కనుక మీకు కావలసినది నిజము కాదు; సందడి మాత్రమే.

నిజము కావలసినవాడు కరిపూరును చూచి వెంటనే మంగుళూరును తలచుకొనవలెను. 2010 మే 22వ తేదిన అదే సంస్థ విమానము, దుబాయినుండియే వచ్చుచు, కర్ణాటకలోని మంగుళూరులో రన్‌వే దాటి లోయలో పడినది. 166 మందిలో 158 మంది మరణించిరి, ఎనిమిదిమంది మిగిలిరి. ఆనాడు వాన లేదు. అయినను రెండుచోట్లను ఒకే సంగతి జరిగినది. రెండు రన్‌వేలును కొండను చదునుచేసి బల్లవలె తీర్చినవి. కొనదాటిన పిదప నేల లేదు. రెండు విమానములును స్థిరములేక దిగినవి. మంగుళూరులో సహచోదకుడు తిరిగి లేవవలెనని మూడుమారులు చెప్పెను. కెప్టెను వినలేదు. పదియేండ్ల తరువాత కరిపూరులో సహచోదకుడు అదే మాట చెప్పెను. మరల వినబడలేదు. పదియేండ్లలో రెండు విమానములు, రెండు కొండకొనలు, ఒకే హెచ్చరిక. అసలు వార్త ఇదియే. వీరగాథల సందడిలోను, దూషణల సందడిలోను పూడిపోయినది ఇదియే.

ఈ మాట విమానములతోనే ముగియదు. చిన్నవాడు “ఆగుడు, ఇది క్షేమము కాదు” అన్నప్పుడు పెద్దవాడు ఆగకపోవుట, చిన్నవాడు ఒక్కమారు చెప్పి ఊరకుండుట మనకు ఎరుగని సంగతియా? మన యిండ్లలో, మన కొట్లలో, మన సంఘముల కార్యవర్గములలో పెద్దలకు ఎదురుచెప్పుటయే మర్యాద తప్పుటయని పెంచుకొనుచున్నాము. పెద్దలయెడ గౌరవము వలసినదే. కాని ప్రాణముమీదికి వచ్చినప్పుడు చేయిపట్టి ఆపని గౌరవము గౌరవము కాదు, భయము. చిన్నవాని హెచ్చరికను విని వెనుకకు తగ్గిన పెద్దవాని పెద్దరికము తరుగదు.

ప్రయాణికులమైన మనకును ఇందు పాలు కలదు. వాతావరణము బాగులేక విమానము దిగక తిరిగి లేచినను, వేరొక ఊరికి మరలినను మనవారు చేయు ఆర్భాటము చూడుడు. బేరము పోయెనని వ్యాపారి, ముహూర్తము మించెనని పెండ్లివారు, పండుగకు అందలేదని ఉద్యోగి అక్కడి చిన్నయుద్యోగులమీద విరుచుకుపడుదురు. రెండవమారు లేచిపోయిన చోదకుడు చేతకానివాడని ఎగతాళి చేయుదురు. వానలో దిగనని తిరిగి లేచినవాడే మనలను యింటికి చేర్చువాడు. ఆయనకు నమస్కరింపవలసిన చోట నానామాటలు అనుచు, తెగించి దిగినవాడు కూలినప్పుడు వీరుడనుచు పూలదండ వేయుచున్నాము! బేరము రేపు కుదురును, ముహూర్తము మరియొకటి దొరకును, మనిషి దొరకడు.

ప్రభుత్వమువారి తొందరపాటును కూడ చెప్పవలెను. ప్రమాదము జరిగిన కొలది దినములకే, వానకాలమున కోజికోడులో వెడల్పైన పెద్ద విమానములు దిగరాదని ఆజ్ఞ వేసిరి. జాగ్రత్త మంచిదే. కాని కూలినది ఆ తరగతి విమానము కాదు. అది సన్నని దేహముగల విమానము. జనము సందడి చేసినప్పుడు ఏదో ఒకటి చేసితిమని చూపుకొనుట అధికారులకును అలవాటైనది. ప్రజలు తీర్పుల వెంట పరుగెత్తినచో ప్రభుత్వములు ప్రకటనల వెంట పరుగెత్తును. ప్రజలు లెక్క అడిగినచో మాత్రమే ప్రభుత్వములు లెక్క చెప్పును.

2025 జూన్ 12న అహమ్మదాబాదులో విమానము కూలి, అందులోనున్న 242 మందిలో 241 మంది మరణించినప్పుడును ఇదే వరుస. ప్రాథమిక నివేదికయైనను వెలువడకమునుపే వీధివీధిని తీర్పులు వెలువడినవి. అయిదేండ్లలో మనము నేర్చుకొనినది ఏమియు లేదు.

కనుక మన కుటుంబములకు నేను మూడు పనులు సూచించుచున్నాను. ప్రమాదవార్త విన్నప్పుడు మొదట సహాయము: మన ఊరి దరిదాపుల జరిగినచో రక్తము, వాహనము, భోజనము, భాష తెలియనివారికి మాటసాయము. రెండవది, కారణమును గురించి వచ్చిన ఏ కబురును, అది ఎంత హృదయవిదారకముగా నున్నను, మన చేతిగుండ ముందుకు పోనీయకుండుట. మూడవది, నివేదిక వెలువడిన దినమున దానిని తెప్పించి, చదువుకొనిన మన పిల్లలచేత తెలుగున చెప్పించుకొని, సిఫారసులలో ఏవి అమలు జరిగినవో తెలుపుమని మన సంఘము పక్షమున పార్లమెంటు సభ్యులకు వ్రాయుట. ప్రతిశాఖయు రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని తీర్మానముగా ఆమోదింపవలెనని కోరుచున్నాను.

చనిపోయినవారికి మన పొగడ్తయు అక్కరలేదు, మన దూషణయు అక్కరలేదు. వారి చావునుండి నేర్చుకొనవలసినది నేర్చుకొంటిమా లేదా యన్నదే వారికి మనము చెల్లింపవలసిన బాకీ. ఆ బాకీని మాటలతో కొట్టివేయవలదు.